అరెస్టయిన మనిషి వివరం ఎక్కడ దొరుకుతుంది? గుంతకల్లు నెట్ సెంటర్ నుంచి ఒక రివ్యూ

డబ్బులు తీసుకుని, మనిషి మీద కేసులున్నాయో లేదో చెప్తామనే యాప్‌కి ఐదుకి ఒక స్టార్, అదీ ఇన్‌స్టాల్ అయినందుకు. కోర్టు కేసుల వివరాలు ఉచితంగా చూపించే సర్కారు సైటు ఈకోర్ట్స్‌కి నాలుగున్నర. పోలీసు శాఖ ఎఫ్ఐఆర్ డౌన్‌లోడ్‌కి మూడున్నర. జైల్లో ఉన్నవాళ్ళను చూడ్డానికి అప్లికేషన్ పెట్టే ఈ-ములాఖత్‌కి మార్కులు వేయను, అది వెతకడానికి పెట్టింది కాదు. జనం మాత్రం దాన్నీ వెతకడానికే తెరుస్తారు కాబట్టి దాని గురించి కూడా రాస్తాను.

నాది గుంతకల్లులో చిన్న నెట్ సెంటర్. జిరాక్స్, ఆధార్ ప్రింట్లు, రైల్వే పరీక్షల అప్లికేషన్లు, ఈసీలు. వీటి మధ్యలో ఎవరో ఒకరు వచ్చి, పక్కనున్న వాళ్ళు పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే పని ఒకటుంది. "అక్కా, ఒక మనిషి మీద కేసేమన్నా ఉందేమో చూస్తావా?" సంబంధం చూసుకుంటున్న వాళ్ళు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, ఫైనాన్సు వాళ్ళు, అంగట్లో పనికి మనిషిని పెట్టుకునేవాళ్ళు అడుగుతారు. అప్పుడప్పుడూ, నిజంగా అవసరమై, రాత్రి పోలీసులు తీసుకుపోయిన కొడుకు ఏ జైల్లో ఉన్నాడో తెలీని తల్లి వస్తుంది.

ముందు ఆ యాప్ సంగతి. పేరు రాయడం లేదు, అలాంటివి ఇప్పుడు బోలెడు. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన పై పోర్షన్ అద్దెకివ్వాలనుకున్నారు. వచ్చిన కుర్రాడి పేరు, ఫోన్ నంబర్ ఆ యాప్‌లో కొట్టి, 499 రూపాయలు కట్టి, రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టారు. ఎర్ర అక్షరాలతో "క్రిమినల్ రికార్డు ఉంది" అని, దాని కింద "రిస్క్: హై" అని ఉంది. చూడ్డానికి గవర్నమెంటు కాగితంలాగే కనపడుతుంది, న్యాయదేవత త్రాసు బొమ్మ కూడా వేశారు. ఏ కోర్టు, ఏ సంవత్సరం, ఏ సెక్షన్, కేసు నంబర్ ఎంత అంటే ఒక్కటీ లేదు. చివర్లో భూతద్దం పెట్టి చదవాల్సిన సైజులో "ఈ సమాచారం సరైనదని మేం హామీ ఇవ్వడం లేదు" అని ఇంగ్లీషులో ఒక లైను.

ఆ పేరే ఈకోర్ట్స్‌లో కొట్టి, మన చుట్టుపక్కల కోర్టులన్నీ ఒక్కొక్కటే చూశాను. ఆదోనిలో దొరికింది. సీసీ నంబర్‌తో ఒక కేసు, సెక్షన్ 138, అంటే చెక్ బౌన్స్. స్టేటస్ డిస్పోజ్డ్, అంటే కేసు ముగిసింది. ఆర్డర్ పీడీఎఫ్ తెరిస్తే ఇద్దరూ రాజీ పడ్డారని ఉంది. ముద్దాయి తండ్రి పేరు వేరే, వయసు యాభై దాటింది. అద్దెకు వచ్చిన కుర్రాడికి పాతికేళ్ళు కూడా లేవు.

"మరి దీంట్లో ఎర్రగా రాసినారు కదమ్మా?" అన్నారాయన.

"ఎవరి గురించి రాసినారో వాళ్ళకే తెలీదు సార్" అన్నాను.

ఇంకో విషయం, ఆ 499 ఒక్కసారి కట్టేది కాదు. యూపీఐ ఆటోపే పెట్టించుకుని ప్రతి నెలా కోసేలా ఉంది. ఇలాంటివి ఎవరైనా కట్టి ఉంటే, ఏ యూపీఐ యాప్ నుంచి కట్టారో దాంట్లోకి పోయి ఆటోపే లిస్టు తెరిస్తే రద్దు చేసే ఆప్షన్ ఉంటుంది. యాప్ తీసేసినంత మాత్రాన డబ్బులు కోయడం ఆగదు. మా గార్డు సార్‌ది అక్కడే రద్దు చేసి పంపాను. కట్టిన డబ్బులు వాపసు అడుగుతూ మెయిల్ కూడా పెట్టాం, ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఇలాంటి యాప్‌లకు అమెరికా నమూనా. టెక్సాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు చెప్తుంటాడు, అక్కడ చాలా కౌంటీల షెరీఫ్ సైట్లలో పేరు కొడితే జైల్లో ఉన్న మనిషి, పెట్టిన కేసు, బెయిల్ ఎంత, అన్నీ ఫోటోతో సహా వస్తాయట. ఆ ఫోటోలు ఎత్తుకెళ్ళి తమ సైట్లో పెట్టుకుని, తీసేయాలంటే డబ్బులడిగే కంపెనీలు కూడా అక్కడే పుట్టాయి. దాని మీద కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేయాల్సి వచ్చింది. మన దగ్గర అట్లా పేరు కొడితే జైలు ఫోటో వచ్చే సర్కారు సైటు లేదు. కాబట్టి "దేశంలోని అన్ని జైళ్ళ రికార్డులు మా దగ్గర ఉన్నాయి" అని ఏ యాప్ చెప్పినా నమ్మకండి. వాళ్ళు చూసేది కూడా ఎక్కువ భాగం కోర్టు సైట్లలో అందరికీ దొరికేదే.

ఇప్పుడు ఎఫ్ఐఆర్ సంగతి. 2016 సెప్టెంబర్ 7న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఎఫ్ఐఆర్ కట్టిన 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని చెప్పింది. నెట్ సరిగా లేని చోట్ల 48 గంటలు, మరీ మారుమూల అయితే 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు పెట్టనక్కర్లేదు. అందుకే సైట్లో కనపడలేదంటే కేసు లేదని అర్థం కాదు. సంబంధాల కోసం వచ్చేవాళ్ళకు నేను ముందే చెప్పే మాట ఇదే. వాళ్ళకు ఇది నచ్చదు, "ఏం లేదు" అని ప్రింట్ కావాలి వాళ్ళకు. ఏం లేదని ప్రింట్ ఇచ్చే సైటు లేదు.

స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ నంబర్, సంవత్సరం తెలిస్తే డౌన్‌లోడ్ చేయడం క్షణాల మీద పని. తెలీకపోతే కష్టం. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కాబట్టి ఫిర్యాదుదారుల దగ్గర నంబర్ తప్పకుండా ఉంటుంది. నిందితుడి తరఫు వాళ్ళకే తిప్పలు. గుంతకల్లులో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఊళ్ళో పట్టుకుంటే వన్ టౌనో టూ టౌనో అవుతుంది, జంక్షన్‌లో పట్టుకుంటే రైల్వే పోలీసుల చేతికి పోతుంది. వాళ్ళకు వేరే ఎస్పీ, వేరే స్టేషన్లు. ఎక్సైజ్ వాళ్ళు పట్టుకుంటే అది ఇంకో లెక్క. బళ్ళారి గంటన్నర దూరం, అక్కడ పట్టుకుంటే కర్ణాటక పోలీసు సైట్లో చూడాలి. "స్టేషన్‌లో అడిగితే మా దగ్గర లేడన్నారు" అని కంగారుపడే వాళ్ళను నేను మొదట అడిగే ప్రశ్న, "ఎక్కడ పట్టుకున్నారు, బట్టలు ఏ రంగు?" అని. ఖాకీ అయినా కాకపోయినా భుజం మీద ఏం రాసుందో ఎవరో ఒకరు చూసే ఉంటారు.

ఎఫ్ఐఆర్‌లో పేరుందంటే అరెస్టయ్యాడని కూడా కాదు. ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో చాలావాటికి అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలుస్తారు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పాత రోజుల్లో 41ఏ నోటీసు అనేవాళ్ళం, ఇప్పుడు అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 35(3). వకీళ్ళ గుమాస్తాలు ఇప్పటికీ 41ఏ అనే అంటారు.

సెక్షన్ల నంబర్లు మారిన దగ్గర్నుంచి నా పని రెట్టింపైంది. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షల చట్టం ఐపీసీ, ఆ రోజు నుంచి జరిగినవాటికి కొత్తది బీఎన్‌ఎస్. సినిమాలు చూసి పెరిగినవాళ్ళం కదా, 302 కనపడగానే హత్య అనేస్తారు. కొత్త చట్టంలో హత్య 103. కొత్త 302 అంటే మతపరమైన మనోభావాలు నొప్పించే మాటలు. మోసం 420 కాదిప్పుడు, 318. ఒక సంబంధం ఈ 302 దగ్గరే తప్పిపోయేది, పెళ్ళికూతురు మేనమామ ఆ పేజీ ఫోటో తీసి అప్పటికే చుట్టాలకు పంపేశాడు.

ఈకోర్ట్స్ నాకు బాగా నచ్చింది. వెబ్‌సైటైనా యాప్‌ అయినా లాగిన్ లేదు, ఖర్చు లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని కేసు నంబర్‌తోనో, ఎఫ్ఐఆర్ నంబర్‌తోనో, పార్టీ పేరుతోనో, వకీలు పేరుతోనో వెతకొచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ ఒకటి ఉంటుంది. అది ఒక్కటి కొడితే చాలు, కేసు ఎప్పుడు వేశారు, ఎవరి ముందు ఉంది, వాయిదా ఎప్పుడు, పోయిన వాయిదాకు ఏమైంది, అన్నీ వరుసగా వస్తాయి. తీర్పు అయిపోతే చాలాసార్లు పీడీఎఫ్ కూడా ఉంటుంది. యాప్‌లో ఆ కేసును సేవ్ చేసుకుంటే మళ్ళీ వెతకనక్కర్లేదు. మా దగ్గరికొచ్చే రైతులకు వాళ్ళ ఫోన్లోనే సేవ్ చేసి ఇస్తాను, వాయిదా తేదీ కోసం గుత్తి దాకా బస్సెక్కే పని తప్పుతుంది.

జిల్లా ఎంచుకునే దగ్గర ఒక్క జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా రెండైంది. కదిరి, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. పోలీసు సైట్లో ఆ స్టేషన్లకు కొత్త జిల్లా ఎంచుకోవాలి, కోర్టు సైట్లో ఆ కోర్టుల కోసం పాత అనంతపురమే చూడాలి. ఇది తెలీక "కదిరి కోర్టే లేదు దీంట్లో" అని తిట్టుకునేవాళ్ళున్నారు.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే పేరుతో వెతకడం గురించి. సైటును అనడానికి లేదు, మన పేర్లే అలా ఉన్నాయి. ఈ పక్క కసాపురం ఆంజనేయస్వామి, ఆ పక్క మస్తాన్‌వలి దర్గా. ఇంటికొక ఆంజనేయులు, వీధికి ఇద్దరు మస్తాన్‌లు. ఆంజనేయులుకు ఇంగ్లీషులో జె తర్వాత ఒకరు ఏ పెడతారు, ఒకరు ఐ పెడతారు. బాషాకు బి పక్కన హెచ్ పెట్టేవాళ్ళు, పి తో రాసేవాళ్ళు. ఇంటిపేరు ఒక కేసులో పూర్తిగా ఉంటుంది, ఇంకో కేసులో ఒట్టి ఇనీషియల్. పైగా సంవత్సరం కూడా సరిగ్గా కొట్టాలి. కాబట్టి పేరుతో దొరికినదాన్ని తండ్రి పేరు, వయసు, ఊరు కలిసేదాకా నేను ఎవరికీ చెప్పను. కలిసినా "ఇది ఆయనే" అనను, "ఇట్లా ఉంది, మీరే అడగండి" అంటాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకు ఇంతకంటే మంచి దారి ఉంది. కిరాయిదారు ఆధార్ కాపీ తీసుకుని స్టేషన్లో వెరిఫికేషన్ అడగడం.

కేసు ఉందంటే ఏ కేసో కూడా చూడాలి. మా సీమలో ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఊళ్ళల్లో సగం మందిని తహసీల్దార్ ముందు బైండోవర్ చేస్తారు, అంటే గొడవలు చేయమని ముందే పూచీ రాయించుకుంటారు. దాన్ని కూడా "కేసు" అనే చెప్పుకుంటారు. "జైలుకు పోయొచ్చాడు" అన్న మాట కూడా అంతే. 2022 చివరి నాటి ఎన్‌సీఆర్‌బీ (కేంద్ర నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో దేశం మొత్తం జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే తీర్పు ఇంకా రానివాళ్ళు. నాలుగింట మూడొంతులు. గార్డు సార్‌కు ఈ లెక్క చెప్తే చాలాసేపు నమ్మలేదు.

కొడుకు కోసం వచ్చిన తల్లి గురించి చెప్పాలి, ఎందుకంటే ఆమెకు పైన చెప్పినవేవీ పనికిరాలేదు. అరెస్టయిన మొదటి రెండు రోజులు ఈ సైట్లన్నీ గుడ్డివి. ఛార్జిషీటు పడి కోర్టు నంబర్ ఇచ్చేదాకా ఈకోర్ట్స్‌లో అసలు కేసు సాధారణంగా కనపడదు. బెయిల్ పిటిషన్ వేసుంటే మాత్రం అది కనపడుతుంది. ఆమె చేతిలో కొడుకు పాత పాస్‌పోర్ట్ సైజు ఫోటో, ఒక ఫోన్ నంబర్ రాసిన బస్సు టికెట్. "జైల్ల లిస్టు తియ్యి మ్మా, పేరు నేను చెప్తా" అంది. అట్లాంటి లిస్టు లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆమెకు నేను కాగితం మీద రాసిచ్చినవి ఇవి. అరెస్టు చేస్తే, ఆ మనిషి చెప్పిన బంధువుకో స్నేహితుడికో ఎక్కడ ఉంచారో పోలీసులు తెలపాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి. డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి ఇవి, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నాయి. ప్రయాణం కాకుండా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇంకా 37వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషన్లో, జిల్లా కేంద్రంలో అరెస్టయినవాళ్ళ పేర్లు, చిరునామా, ఏ నేరమో అందరికీ కనపడేలా పెట్టాలి, ఆ పని చూడ్డానికి ఏఎస్ఐకి తగ్గని ఒక అధికారిని పెట్టాలి. చట్టం చక్కగా ఉంది. నేను చూసిన ఒక స్టేషన్లో ఆ బోర్డు మీద హెల్మెట్ పెట్టుకోమనే పోస్టర్ అతికించి ఉంది. ఏ ఊరో అడక్కండి.

చివరికి పని జరిగింది కోర్టు దగ్గరే. ప్రతి స్టేషన్‌కూ కోర్టు పనులు చూసే కానిస్టేబుల్ ఉంటాడు. ముందు రోజు ఎవరెవరిని రిమాండ్‌కు పెట్టారో, ఏ జైలుకు పంపారో ఆయన నోటి మీద ఉంటుంది. వకీలు గుమాస్తాను పట్టుకుంటే ఆయన ఈ కానిస్టేబుల్‌ను పట్టుకుంటాడు. పది నిమిషాల్లో ఎఫ్ఐఆర్ నంబర్, సెక్షన్, జైలు పేరు ఆమె చేతికొచ్చాయి. వాటితో నేను ఎఫ్ఐఆర్ తీసిచ్చాను, ప్రింట్‌కి డబ్బులు తీసుకోలేదు. ఎక్కడా తేలకపోతే సమాచార హక్కు చట్టంలో ఒక దారి ఉంది. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని ఏడో సెక్షన్‌లో ఉంది, దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే ఈ దారులేవీ కావు. వాళ్ళ వివరాలు బయటపెట్టడమే నేరం, జువెనైల్ జస్టిస్ బోర్డు దగ్గరికి పోవాలి.

నేను తీసివ్వనివి కూడా ఉన్నాయి. ఎదురింటాయన మీద ఎఫ్ఐఆర్ ప్రింట్ తీసి వీధి వాట్సాప్ గ్రూప్‌లో పెడతానని ఒకడొచ్చాడు. ఎఫ్ఐఆర్‌లో ఫిర్యాదుదారు అడ్రస్సు, ఫోన్ నంబర్ కూడా ఉంటాయి. సర్వర్ డౌన్ అని పంపించేశాను. కావలిస్తే నాక్కూడా ఒక స్టార్ ఇచ్చుకోమనండి.

ఇక ఈ-ములాఖత్. జైల్లో ఉన్న మనిషిని చూడ్డానికి ముందే రోజు, సమయం అడిగే సర్కారు పోర్టల్ ఇది, వీడియో ములాఖత్ కూడా ఉంది. దీంట్లో జైలు మనమే ఎంచుకోవాలి, ఖైదీ పేరు, తండ్రి పేరు మనమే కొట్టాలి. మా వైపు వాళ్ళైతే సబ్‌జైలో, అనంతపురం దగ్గర రెడ్డిపల్లి జిల్లా జైలో అవుతుంది. పెద్ద శిక్ష పడితే కడప సెంట్రల్ జైలు, ఆడవాళ్ళకు కడపలోనే ప్రత్యేక జైలు ఉంది. రెడ్డిపల్లిలో ఓపెన్ ఎయిర్ జైలు కూడా ఉంది, వ్యవసాయం చేసే ఖైదీలది. ఈ రెంటినీ కలిపేసి తప్పు జైలుకు అప్లికేషన్ పెడితే తిరస్కరణ మెసేజ్ వస్తుంది, అంతే.

పేరు కొట్టేటప్పుడు ఇంట్లో పిలిచే పేరు కొట్టొద్దు, ఆధార్‌లో ఉన్నది కూడా కాదు. రిమాండ్ కాగితాల్లో ఎలా రాశారో, జైలు రిజిస్టర్లో సాధారణంగా అదే ఎక్కుతుంది. వకీలు దగ్గర రిమాండ్ రిపోర్టు కాపీ ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకుని రండి. స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసి కొట్టి ఇస్తాను. ఓటీపీ వస్తుంది కాబట్టి ఛార్జింగ్ ఉన్న ఫోన్ తెచ్చుకోండి, పోయేటప్పుడు గుర్తింపు కార్డు ఒరిజినల్ పట్టుకుపోండి. గుంతకల్లు నుంచి పొద్దున్నే బయల్దేరేవాళ్ళు ముందు రోజు సాయంత్రమే స్లిప్పు తీసుకుంటే మంచిది, తెల్లారి ఆరింటికి నా షట్టర్ తెరిచి ఉండదు.